గోడ గర్భములోని రాయి

ముషీరాబాదు మొదలుకొని చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా అశోక్‌నగరు వఱకు గల పేటలలో ఇంటికై పునాది త్రవ్వించినవారిలో చాలమందికి ఒక అనుభవము సామాన్యముగా ఎదురగును. పైమట్టి పోయిన కొలదిసేపటికే మొరము తగులును. ఆ మొరమును దాటినపిమ్మట గునపము ఖంగుమని వెనుకకు తన్నును. దానిని అట్లు తన్నినది సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమందు కరగిన స్థితిలో ఉండి, మెల్లమెల్లగా చల్లారి, స్ఫటికములు కట్టి ఘనీభవించిన గ్రానైటు శిల. బంజారాహిల్సునందును మౌలాలీయందును గుట్టలై తల యెత్తి నిలిచినదియు, హుసేన్‌సాగరు కట్టకు దిగువనున్న ఈ పల్లపు పేటలలో మట్టి క్రింద దాగియున్నదియు ఒకే జాతి రాయి. రైళ్ళును లారీలును లేని కాలమున ఇల్లు కట్టదలచినవానికి ఇంతకంటె సమీపమున, ఇంతకంటె దృఢముగా దొరకు వస్తువు వేఱొకటి లేదు. కావుననే ఈ నగరమున గోలకొండ బురుజులు మొదలుకొని మొన్నమొన్నటి పెంకుటిండ్ల అరుగుల వఱకు బరువు మోయవలసిన ప్రతిచోటను ఈ రాయియే నిలిచినది.

ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 16వ శతాబ్దపు నడుమ, హుసేన్‌షా వలీ పర్యవేక్షణలో హుసేన్‌సాగరు కట్ట లేచినది. ముషీరాబాదు మసీదు కూడ ఆ వంశీయుల నాటిదే. ముషీరాబాదునకు ఆ పేరు నిజాము దివాను ముషీరుల్ ముల్కు అరస్తూజా వలన వచ్చినదని చెప్పుదురు. 1804లో ఆయన గతించిన పిమ్మట దివాను పదవికి వచ్చిన మీర్ ఆలం, నగరమునకు దక్షిణముగా తన పేరిట ఏర్పఱచిన చెఱువునకు, 21 అర్ధవృత్తాకారపు కమానులను ప్రక్కప్రక్కన నిలిపి, రాయియు సున్నమును మాత్రమే కలిపి వేయించిన ఆనకట్ట రెండువందల యేండ్లు దాటినను నేటికిని నీటిని నిలుపుచున్నది. నీరు త్రోయుకొలది కమానులోని రాళ్ళు ఒకదానినొకటి మఱింత బిగించుకొనును. రాతికి అణచుటను ఓర్చు శక్తి అపారముగను, లాగుటను ఓర్చు శక్తి అత్యల్పముగను ఉన్నదను సత్యమును ఎఱిగినవారు తప్ప అట్టి కట్టడమును ఊహింపలేరు. ఈ పేటలకు కూతవేటు దూరముననే, 1934లో శంకుస్థాపన జరిగి 1939 డిసెంబరులో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల, గులాబివన్నె గ్రానైటును మన పనివాండ్రు ఎంత సన్నని అతుకుతో పేర్చగలరో చూపుటకు మిగిలియున్నది.

నేటి సంగతి వేఱు. సిమెంటు కాంక్రీటు స్తంభముల మీద అంతస్తులు లేచుచున్నవి. 2023 ఆగష్టులో ఇందిరా పార్కు నుండి వి.ఎస్.టి. వఱకు, అశోక్‌నగరు, ఆర్.టి.సి. చౌరస్తాల మీదుగా రెండు కిలోమీటర్లకు పైగా సాగు ఉక్కువంతెన కూడ వెలసినది. రాతికట్టడము ఇండ్ల గోడలనుండి తొలగి, బేస్‌మెంటు క్రిందికిని, ప్రహరీకిని, నాలా ఒడ్డునకును, మిట్టపల్లముల నడుమ మట్టిని ఆపు అడ్డుగోడకును పరిమితమైనది. ఇవన్నియు చిన్నపనులని లోకము తలచును; చిన్నపని యనుకొనుటచేతనే వాటి ప్రమాణములను అడుగువారును లేకపోయిరి, చూచువారును లేకపోయిరి. నా అభిప్రాయమున ఇది మిక్కిలి ప్రమాదకరమైన ఉపేక్ష. ఏలయనగా కాంక్రీటు స్తంభమునకు కంపెనీ సిమెంటును, లెక్క కట్టిన ఇనుమును కొంతవఱకు కాపుండును. రాతిగోడకు మేస్త్రీ చేతియందలి నీతి తప్ప వేఱు కాపు లేదు.

రాతిగోడను చూచువారు దాని ముఖమును చూతురు. ముఖము చక్కగా ఉండి, రాళ్ళ సందులలో సిమెంటు పాయింటింగు ఉబ్బెత్తుగా తీర్చియున్నచో గోడ బాగున్నదని సంతసింతురు. కాని ఆ గోడ ఎట్లు లేచినదో గమనింపుడు. అడుగున్నర మందముగల గోడకు ఈ ప్రక్క ఒక మేస్త్రీయు ఆ ప్రక్క ఒక మేస్త్రీయు నిలిచి, ఎవరి దారము వెంబడి వారు, తమ వైపునకు చదునైన ముఖముగల రాళ్ళను పేర్చుకొనుచు పోవుదురు. నడుమ మిగిలిన సందులో చిన్నరాళ్ళును రాతిపెచ్చులును వేసి, పైన ఇంత మాలు పోయుదురు. ఇట్లు లేచినది చూపునకు ఒక గోడ. వాస్తవమునకు రెండు పలుచని గోడలు, వాటి నడుమ ఒక చెత్తకుప్ప. పైనుండి బరువు పడినప్పుడు గాని, వాననీరు లోనికి దిగి నడిమి పెచ్చులు క్రుంగినప్పుడు గాని, భూమి కదలినప్పుడు గాని ఆ రెండు పొరలును చెఱియొక వైపునకు ఉబ్బును. గోడ పొట్ట పెట్టినదని మనవారు చెప్పునది దీనినే. పొట్ట పెట్టిన గోడకు వెలుపల ఎంత సిమెంటు పూసినను ప్రయోజనము లేదు. రోగము గర్భములో నున్నది.

ఈ రోగము ఎంత ఘోరముగా పరిణమింపగలదో 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారీ చూపినది. మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో భూమి కంపించినప్పుడు హైదరాబాదులో నిద్రించుచున్నవారు కూడ ఉలికిపడి లేచిరి. భూకంపశాస్త్రజ్ఞులు మహాభూకంపమని చెప్పదగిన తీవ్రత కాదది. రిక్టరు కొలమానమున 6కు కొంచెము పై మాత్రమే. అయినను వేలకొలది జనులు నిద్రలోనే ప్రాణములు కోల్పోయిరి. వారిని చంపినది భూమి కాదు, గోడలు. రెండడుగులును, అంతకు మించియు మందముగల నల్లరాతి గోడలు, మట్టియడుసుతో కట్టినవి, మీద చలువకై పోసిన బరువైన మట్టికప్పు; గోడ రెండు పొరలుగా విచ్చిపోగానే ఆ కప్పు నిద్రించుచున్నవారి మీద కూలినది. గోడ ఎంత మందముగా ఉన్న అంత భద్రమను నమ్మకము మన పల్లెలలోను పేటలలోను తరతరములుగా ఉన్నది. కిల్లారీలో అది తలక్రిందులయ్యెను. మందమైన గోడయే ముందుగా చీలెను, ఏలయనగా దాని రెండు ముఖములను కలుపు రాయి లేదు.

ఆ కలుపు రాయియే ఈ శాస్త్రమునకంతకును ఆయువుపట్టు. గోడ ఈ ముఖము నుండి ఆ ముఖము వఱకు నిండుగా సాగి, రెండు పొరలను ఒకటిగా బంధించు పొడవైన రాతిని ఇంజనీర్లు త్రూ స్టోన్ అనియు బాండ్ స్టోన్ అనియు పిలుతురు. గోడ ముఖమున ప్రతి అర చదరపు మీటరునకును ఇట్టి రాయి కనీసము ఒకటి ఉండవలెనని మన దేశమునందలి రాతిపని నిబంధనలు విధించుచున్నవి. గోడ మందము 60 సెంటీమీటర్లు దాటినచో ఒకే రాయి అంత పొడవు దొరకుట కష్టము కావున, రెండు మూడు రాళ్ళను ఒకదాని ప్రక్క ఒకటి కనీసము 15 సెంటీమీటర్లు కలియునట్లు పెట్టవచ్చును. భూకంపముల భయముగల ప్రాంతములందు బలహీనమైన మాలుతో కట్టు ఇండ్లకై 1993లోనే వెలువడిన ఐ.ఎస్. 13828 అను ప్రమాణము ఇంకను కఠినముగా, ఎత్తున ప్రతి 60 సెంటీమీటర్లకును, పొడవున ప్రతి మీటరు ఇరువది సెంటీమీటర్లకు మించకుండను ఇట్టి బంధము ఉండవలెననియు, గోడ మందము 45 సెంటీమీటర్లు దాటరాదనియు చెప్పుచున్నది. పొడవు రాయి దొరకనిచోట కొక్కెము వంచిన ఇనుపకడ్డీని గాని, లోపల కడ్డీ వేసి పోతపోసిన సన్నని కాంక్రీటు దిమ్మెను గాని, చెదలు పట్టకుండ శుద్ధిచేసిన కఱ్ఱను గాని పెట్టవచ్చునని ఆ గ్రంథమే మార్గము చూపినది. పేదవాని ఇంటికి కూడ సాధ్యము కాని నిబంధన ఇందులో ఒక్కటియు లేదు. ఒక ఇంటి గోడలకు కావలసిన కడ్డీముక్కల వెల, ఆ ఇంటి గేటునకు వేయు రంగు వెలకంటె ఎక్కువ కాదని నేను ధైర్యముగా చెప్పగలను.

రాతికట్టడమునకు మన దేశపు ముఖ్య ప్రమాణము ఐ.ఎస్. 1597. అది 1967లో మొదట వెలువడి, 1992లో రెండు భాగములుగా సవరింపబడినది. మొదటిది గండరాళ్ళతో కట్టు గోడలకు, రెండవది నలువైపుల చెక్కిన రాళ్ళతో కట్టు గోడలకు. గండరాళ్ళలోనే తరగతులున్నవి. క్వారీ నుండి వచ్చిన రాతిని సుత్తితో కొంచెము సవరించి, వరుసలు లేకుండ ఇమిడినచోట ఇమిడించునది సర్కారు ఇంజనీర్ల భాషలో ఆర్.ఆర్.; ఎత్తు సమానముగా కొట్టిన రాళ్ళను వరుస వెంబడి వరుసగా పేర్చునది సి.ఆర్. మొదటిదానిలో అతుకు 20 మిల్లీమీటర్లు దాటరాదు. మంచి తరగతి వరుసకట్టులో 10. నలువైపుల చెక్కినదానిలో 5. ఈ అంకెలు అందము కొఱకు పుట్టినవని అనుకొనుట పొరపాటు. మాలు రాతికంటె ఎన్నో మడుగులు బలహీనమైనది. దాని పని రాళ్ళ నడుమ ఎగుడుదిగుడులను పూరించి బరువును సమముగా పంచుట మాత్రమే. అతుకు మందమైనకొలది గోడ రాతిగోడ కాకుండపోయి, మాలులో మునిగిన రాళ్ళ ముద్దగా మారును. అట్లే ముఖపు రాయి పొడవు దాని ఎత్తునకు మూడు మడుగులు మించరాదను నియమము: మించినచో క్రింద ఒకచోట సందు మిగిలిన దినమున అది నడుమకు విఱుగును. మూలలయందు పెట్టు రాళ్ళు ఏరిన రాళ్ళై, 30 సెంటీమీటర్లకు తక్కువ కాని పొడవుగలవై, ఒక వరుసలో ఈ గోడ వైపునకును, పై వరుసలో ఆ గోడ వైపునకును చేతులు చాచియుండవలెను. మూల విడిన గోడ నిలుచుట కల్ల.

ఇంతకంటెను ముఖ్యమైన ఒక చిన్న నియమమున్నది. రాతిపెచ్చుల వాడుక మొత్తము రాతిలో నూటికి ఇరువది వంతులు మించరాదు. అదియు ప్రక్కప్రక్క రాళ్ళ నడుమ సందులు నింపుటకే గాని, లోపలి రాయి ఎత్తు చాలనప్పుడు దానిని ముఖపు రాయి మట్టమునకు లేపుటకై క్రింద చెక్కపేళ్ళవలె పెట్టుటకు కాదు. రాయి తన సహజమైన కూర్చుండుబాటున తన బరువుతోనే కదలక నిలువవలెను. పెచ్చు మీద నిలిచిన రాయి, పెచ్చు నలిగిన నాడు కదలును. మంచి మేస్త్రీ పని చేయుచున్నప్పుడు ప్రక్కన నిలిచి చూచినచో ఈ నియమమును ఆయన ఏ పుస్తకమును చదువకయే పాటించుట కనబడును. రాతిని చేతికెత్తుకొని సుత్తితో ఒక్కటి కొట్టును. గంటవలె మ్రోగినచో ఉంచును, బొద్దుగా పలికినచో, లోపల ఎండవానలకు కుళ్ళిన పొర ఉన్నదని తెలిసి, ప్రక్కకు పాఱవేయును. ఉంచినదానిని రెండు మూడు విధముల త్రిప్పి, వెడల్పైన ముఖము క్రిందికి వచ్చునట్లు మాలు లేకుండనే ఒకసారి కూర్చుండబెట్టి, అరచేతితో నొక్కి ఊపి చూచును. ఊగినచో తీసి, సుత్తి అంచుతో క్రింది మిట్టను ఎగురగొట్టి, మరల పెట్టును. ఊగుట మానిన తరువాతనే దానిని తీసి, నీటితో తడిపి, మాలు పఱచి, స్థిరముగా ఉంచి, దారమునకు సరిచూచి, తూకపుగుండు వేలాడవేసి, రెండు దెబ్బలు వేయును. ఈ ఊపి చూచుటలో పోవు నిమిషముననే గోడ ఆయువున్నది. చదరపు అడుగునకు ఇంతయని గుత్త మాటలాడి, పొద్దుగూకులోపల ఇంత ఎత్తు లేపవలెనని తొందర పెట్టు యజమాని ఆ నిమిషమునే దొంగిలించుచున్నాడు.

తడుపుట సంగతి కూడ చెప్పవలెను. ఎండలో కాగిన రాతిమీద, క్వారీ దుమ్ము వదలని రాతిమీద మాలు అంటదు. దుమ్మునకు అంటుకొని రాతికి అంటకుండ మిగులును. సిమెంటు మాలును నీరు పోసిన రెండు గంటలలోపల వాడివేయవలెను. మధ్యాహ్నభోజనమునకు ముందు కలిపి, బిగిసినదానికి సాయంకాలము మరల నీరు పోసి మెత్తపఱచిన మాలు చూపునకు మాలే గాని బలమున బూడిద. కట్టిన గోడను ఏడు దినములైన తడుపుచుండవలెను. హైదరాబాదు ఏప్రిలు ఎండలో పగలు రెండుసార్లు నీరు చల్లి తడిపితిమనుకొనుట ఆత్మవంచన, గోనెపట్టాలు కప్పి వాటిని తడిగా ఉంచుట యుక్తము. పూర్వులు సిమెంటు లేకయే కట్టిరి. ఎద్దులు త్రిప్పు గానుగలో ఇసుకతో కలిపి నూఱిన సున్నము, అవసరమైనచోట కరక్కాయ నీరు, బెల్లపు నీరు. సున్నము మందగతిని గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకొని మరల రాయిగా మారును. ఆ మార్పు సంవత్సరముల తరబడి సాగును గనుక, గోడ కొంచెము క్రుంగినను అది తాళుకొనును. ఈ పేటలలో మిగిలిన పాత ఇండ్ల సున్నపు గోడలకు ఇప్పుడు సిమెంటు పాయింటింగు చేయించువారిని చూచినప్పుడు నాకు మనసు కలుక్కుమనును. లోనికి చేరిన తడి మునుపు సున్నపు అతుకుల గుండ వెలికి ఆఱిపోయెడిది. ఇప్పుడు సిమెంటు దానికి దారి మూయుటచేత గర్భముననే నిలిచి, సున్నమును మెత్తబఱచి, ఏ గోడను బాగుచేయదలచితిమో దానినే లోపలినుండి తినివేయును. సున్నపు గోడకు సున్నమే వైద్యము.

గోడ మట్టిని ఆపవలసి వచ్చినప్పుడు ఈ నియమములన్నిటికిని తోడు ఒక క్రొత్త శత్రువు చేరును, అది నీరు. హుసేన్‌సాగరు నిండి పొరలిన నీరు దోమలగూడ, అశోక్‌నగరుల మీదుగా నాలాయై మూసీ వైపునకు పోవుచుండును. 2000 ఆగష్టు 24న ఒక్క దినమున నగరమున 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు పల్లపు పేటలలోని ఇండ్లలో నీరు ఎంతవఱకు వచ్చెనో నాలా ఒడ్డున నివసించువారు గోడల మీద చేయి పెట్టి చూపుదురు. ఇట్టిచోట అడ్డుగోడ వెనుక నీరు చేరినచో ఏమగునో సామాన్యమైన లెక్క చాలును. నీటి ఒత్తిడి ప్రతి మీటరు లోతునకును చదరపు మీటరు మీద ఒక టన్ను చొప్పున పెరుగును. మూడు మీటర్ల ఎత్తుగల గోడ వెనుక నీరు నిండినచో ప్రతి మీటరు పొడవునను నాలుగున్నర టన్నుల తోపుడు వచ్చును. గోడ ఎత్తు రెండింతలు చేసినచో ఆ తోపుడు నాలుగింతలగును, గోడను పడద్రోయు ప్రయత్నము ఎనిమిదింతలగును. ప్రక్కింటివాడు అయిదడుగులు కట్టి నిలిపెను గదా, నేను అదే మందముతో పది అడుగులు కట్టుదునను వాదము ఎంత ప్రాణాంతకమో దీనివలన తెలియును. బరువుచేతనే నిలువవలసిన రాతి అడ్డుగోడకు అడుగున మందము సామాన్యముగా ఎత్తులో సగమునకు అటునిటుగా ఉండవలెను. గోడలో వరుసవరుసకును నీరు వెలికి వచ్చు రంధ్రములు వదలవలెను. ఆ రంధ్రముల వెనుక మట్టి కాక కంకరయు ముతకయిసుకయు పొరలుగా వేయవలెను. లేనిచో మొదటి వానకే బురద వచ్చి రంధ్రము మూసుకొనును. నగరమున ఎన్నియో అడ్డుగోడలకు పైపు ముక్కలు వరుసగా పెట్టియుండుటయు, వాటినుండి ఎంత వానకైనను చుక్క నీరు రాకపోవుటయు మనము చూచుచునే యున్నాము. చూపునకు రంధ్రమున్నది, వెనుక కంకర లేదు. 2020 అక్టోబరు 13 రాత్రి కుంభవృష్టికి బండ్లగూడ వైపున ప్రహరీ కూలి, ప్రక్క ఇండ్లలో పసిబిడ్డతో సహా పలువురు మరణించిన దుర్ఘటన ఈ నగరము మఱవదగినది కాదు. ప్రహరీ చిన్నపని కాదు.

రాతికట్టడపు శక్తికి హద్దు ఎక్కడనో తెలియగోరువారు నాగార్జునసాగరమునకు పోయి చూడవలెను. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట, పునాది అడుగునుండి సుమారు 124 మీటర్ల ఎత్తున, రాయియు సిమెంటు మాలును కలిపి మనుష్యుల చేతులతో పేర్చినది. లోకమునందలి రాతి ఆనకట్టలలో అత్యున్నతమైనదిగా ప్రసిద్ధికెక్కినది. కాంక్రీటు యంత్రములకై విదేశీద్రవ్యమును ధారపోయుటకంటె, మన రాతిని మన జనులచేత కట్టించి వేలమందికి పని చూపుటయే దేశమునకు మేలని నాటి ఇంజనీర్లు నిర్ణయించిరి. కానూరి లక్ష్మణరావుగారి వంటి మహామేధావులు దాని వెనుక నిలిచిరి. అంత ఎత్తున ఒక్కొక్క రాయిని తడిపి, ఊపి చూచి, మాలులో కూర్చుండబెట్టగలిగిన జాతికి అశోక్‌నగరు నాలా ఒడ్డున పది అడుగుల గోడను సక్రమముగా కట్టుట అసాధ్యమా?

కొఱత విద్యలో లేదు. అశోక్‌నగరు గల్లీలలోని శిక్షణకేంద్రములందును, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయపు బల్లల ముందరను, అసిస్టెంటు ఇంజనీరు ఉద్యోగములకై పరీక్షలు వ్రాయు యువకులు త్రూ స్టోన్ ఎంత దూరమునకొకటి అను ప్రశ్నకు కన్నుమూసికొని సమాధానము చెప్పుదురు. దిన దినము వారు ప్రక్కన నడచిపోవు ప్రహరీలయందు ఆ రాయి ఉన్నదా యని నిలిచి చూచు అవకాశము మాత్రము వారికెవరును కల్పింపరు. వారు రేపు ఉద్యోగులై కొలత పుస్తకము చేతబట్టుదురు. రాతిపనిని ఘనపు మీటర్లలో కొలుతురు. పొడవు, మందము, ఎత్తు గుణించి వెల కట్టుదురు. పదవవంతు చదరపు మీటరు లోపలి చిన్న రంధ్రములను తగ్గింపరు. ఈ కొలతలో గోడ గర్భము నిండియున్నను వెలితియైనను ఘనపు మీటరు ఒక్కటే. కావుననే తనిఖీ గోడ పూర్తియైన పిమ్మట కాక, గోడ లేచుచున్నప్పుడు జరుగవలెను. ప్రభుత్వ నిబంధనలలో దీనికొక చక్కని ఉపాయము చెప్పబడినది: పెట్టిన ప్రతి బాండ్ స్టోనునకును రంగుతో గుర్తు వేయవలెను. గుర్తులను లెక్కించుటకు డిగ్రీ అక్కఱలేదు. ఇంటి యజమానురాలు సాయంకాలము పిల్లవానిని చంకనెత్తుకొని వచ్చియు లెక్కింపవచ్చును. రెండు ముఖములనుండియు చూచి, ఇటువైపు గుర్తునకు సరిగా అటువైపు గుర్తు ఉన్నదా యని పరిశీలించినచో మోసమునకు తావుండదు. గోడలో ఒక భాగము మఱియొక భాగముకంటె మీటరునకు మించి ఎత్తు లేపరాదనియు, ఆపవలసి వచ్చినచోట మెట్లు మెట్లుగా దింపి వదలవలెననియు మఱియొక నియమము. పండుగకు ఊరికి పోవు కూలీలు నిలువుగా కోసినట్లు గోడను వదలిపోయి, తరువాత వచ్చినవారు దానికి ఆనించి క్రొత్తగోడ కట్టినచోటనే బీట మొలచును.

ఈ పనిని తరతరములుగా చేయుచున్న వడ్డెరల ప్రస్తావన లేకుండ రాతి ముచ్చట ముగించుట కృతఘ్నత. గుట్టమీద బండ ఏ వైపునకు చీలునో చూచి, ఉలితో వరుసగా చిన్న గుంటలు తొలిచి, వాటిలో ఇనుపచీలలు దించి, సమ్మెటతో ఈ కొననుండి ఆ కొనకు ఒక్కొక్కదానిమీద ఒక్కొక్క దెబ్బ సమముగా వేయుచు పోయినచో, కొంతసేపటికి బండ లోపలనే ఒక చిటపటధ్వని పుట్టి, గీత గీసినట్లు విచ్చుకొనును. ఈ విద్య ఏ విశ్వవిద్యాలయమునను లేదు. గ్రానైటులో సామాన్యముగా అయిదవవంతునకు తక్కువ కాకుండ స్ఫటికశిల ఉండును. దానిని కొట్టునప్పుడును, ఇప్పటి విద్యుత్ రంపములతో కోయునప్పుడు అంతకంటె ఎక్కువగను లేచు సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను తీరని వ్యాధిగా పరిణమించును. రాతిని తడిపి కోయుట, ముక్కునకు తగిన ముసుగు, ఈ రెండును త్రూ స్టోనుతో సమానమైన ప్రమాణములని నా దృఢవిశ్వాసము. ఒప్పందములలో రాయి ఎంత నీరు పీల్చవచ్చునో, నూటికి అయిదు వంతులు మించరాదని వ్రాయుదురు; రాయి కొట్టువాడు ఎంత దుమ్ము పీల్చవచ్చునో కూడ వ్రాయవలెను.

ఇక ఈ పేటలలో రాతికట్టడమునకు మిగిలిన పరిధి ఎంత యనగా, లోకము అనుకొన్నంత చిన్నది కాదు. నాలుగైదు అంతస్తుల అపార్టుమెంటునకు రాతిగోడ పనికిరాదు, పనికివచ్చునని చెప్పుట అజ్ఞానము. కాని బేస్‌మెంటునకును, ప్రహరీకిని, మెట్లకును, నీరు పాఱుచోటికిని కాంక్రీటు ఇటుకకంటె రాయి ఎక్కువకాలము మన్నును. తడికి చెడదు, చెదకు లొంగదు, ఒక చోట దెబ్బతిన్నను ఆ చోటును మాత్రమే విప్పి కట్టుకొనవచ్చును. ఆ రాయికై క్రొత్తగా గుట్టలను పేల్చవలసిన పని కూడ సగము తగ్గును, పాత ఇండ్లను కూల్చునప్పుడు కొంచెము శ్రద్ధ వహించినచో. నారాయణగూడలోను, చిక్కడపల్లి వెనుక గల్లీలలోను డెబ్బది, ఎనుబది యేండ్ల నాటి ఇండ్లు ఒకటొకటిగా నేలమట్టమగుచున్నవి. వాటి పునాదులనుండి వచ్చు రాళ్ళు ఒకప్పుడు ఉలితో సవరించినవి, గంటవలె మ్రోగునవి. వాటిని లారీలలో పోసికొనిపోయి పల్లములు పూడ్చుటకు వాడుచున్నారు. సున్నముతో కట్టిన రాయిని అంటియున్న సున్నము సుత్తితో రెండు దెబ్బలకు ఊడిపోవును. కడిగి, తడిపి, మ్రోగించి చూచి, క్రొత్త బేస్‌మెంటులో నిశ్చింతగా పెట్టవచ్చును. సిమెంటుతో కట్టినదానికి ఈ సౌలభ్యము లేదు. ముఖ్యముగా గోడ మందమంత పొడవుగల రాళ్ళు బయటపడినప్పుడు వాటిని జె.సి.బి. పంటికి వదలక వేఱుగా ఏరించి ఉంచవలెను. విఱిగినపిమ్మట వాటి పొడవును ఎవరును తిరిగి తేలేరు. యజమాని కూల్చివేత గుత్తేదారుతో ఒప్పందము వ్రాసికొనునప్పుడే పునాది రాళ్ళు తనవని ఒక వాక్యము చేర్చుకొనినచో, లారీ వచ్చిన నాడు వాదనకు తావుండదు.